లైబ్రరీ దొరకని ప్రోగ్రాం

ఉబుంటు 22.04కి మారాక చాలామందికి ఎదురైన చిక్కు ఇది. నిన్నటిదాకా బాగా నడిచిన పాత ప్రోగ్రాం మొదలుపెట్టగానే, ‘లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ డాట్ ఎస్‌వో డాట్ 1.1’ అనే ఫైలు లేదంటూ ఆగిపోతుంది.

ప్రోగ్రాం పాడవలేదు, కంగారు పడకండి. లినక్స్‌లో పది ప్రోగ్రాంలకూ కావలసిన కోడ్‌ను ఒకేచోట ఉంచి పంచుకుంటారు. అవే షేర్డ్ లైబ్రరీలు. ప్రోగ్రాం మొదలవగానే లోడర్ వాటిని వెతికి జతచేస్తుంది. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ అనేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సాఫ్ట్‌వేర్‌లోని అలాంటి లైబ్రరీ. ఉబుంటు 22.04లో ఉన్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3. పాత ప్రోగ్రాం అడిగేది 1.1.

ముందు ‘ఎల్‌డీడీ’ ఆదేశం పక్కన ప్రోగ్రాం దారి ఇవ్వండి. దొరకని లైబ్రరీల ఎదురుగా ‘నాట్ ఫౌండ్’ అని కనిపిస్తుంది. నమ్మకం లేని ప్రోగ్రాం మీద మాత్రం దీన్ని వాడకండి, కొన్నిసార్లు ఆ ప్రోగ్రామే నడిచిపోవచ్చు.

ఫైలు డిస్కులోనే వేరే ఫోల్డర్‌లో ఉంటే పని తేలిక. ఆ ఫోల్డర్ దారిని లోడర్ సెట్టింగుల్లో చేర్చి, అడ్మిన్ హక్కులతో ‘ఎల్‌డీకాన్ఫిగ్’ నడపాలి. అసలు లేకపోతే, ఏ ప్యాకేజీలో వస్తుందో ‘ఏపీటీ-ఫైల్’ చెబుతుంది. 32 బిట్ల ప్రోగ్రాంకు 32 బిట్ల లైబ్రరీయే కావాలి.

కొత్త ఫైలుకు పాత పేరుతో లింకు పెట్టేయమనే సలహా తరచూ వినిపిస్తుంది. ఇక్కడ అది పారదు. లోడర్ పేరుతో సరిపెట్టుకోదు, లోపలి వెర్షన్ గుర్తులనూ చూస్తుంది. ఎక్కడో దొరికిన పాత 1.1 తెచ్చిపెట్టడమూ క్షేమం కాదు. దానికి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ బృందం ఇచ్చే ఉచిత భద్రతా సవరణలు 2023 సెప్టెంబరులోనే ఆగిపోయాయి. ఆ ప్రోగ్రాంకే కొత్త వెర్షన్ ఉందేమో చూడండి.