మనుమరాలి మైనరు కోర్సు

(సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



డి.ఆర్. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడేవారు నా తరువాత ఉన్నారు గనుక ఆ జోలికి పోను. నాకిచ్చిన పది నిమిషాలలో మన ఇండ్లలోని చదువుల మాట ఒకటి చెప్పి కూర్చుంటాను.

మా మనుమరాలు బెంగుళూరులో ఒక విశ్వవిద్యాలయంలో బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదువుతున్నది. పోయిన సంవత్సరం ఫోను చేసి "తాతా, మైనరు తీసుకుంటున్నాను" అన్నది. గుమాస్తాగా బ్రతికినవాడికి మైనరు అంటే మూడే అర్థాలు. పద్దెనిమిది నిండని వారసుడు, మైనరు ఇరిగేషను, పాత సినిమాలలో మైనరు బాబు. ఇది నాలుగవది. డిగ్రీలో ప్రధానంగా చదివేది మేజరు. దానికి తోడుగా వేరొక శాఖ నుండి కొన్ని పేపర్లు తీసుకుంటే అది మైనరు. మన రాష్ట్రంలో కూడా 2023-24 నుండి డిగ్రీ కాలేజీలలో ఈ మేజరు, మైనరు పద్ధతి వచ్చింది. మా అమ్మాయి తీసుకున్నది ఎంట్రప్రెన్యూర్‌షిప్. మన ఫైళ్ళలో "ఔత్సాహిక పారిశ్రామికవేత్త" అని రాసేవాళ్ళమే, ఆ సంగతి. ఐ.ఐ.టి. హైదరాబాదులో కూడా ఇంజనీరింగు పిల్లలు దీనిని మైనరుగా చదువుతున్నారు.

విన్న వెంటనే నాకు కోపం వచ్చింది. దాచుకోవడమెందుకు, మీలో కొందరికి తెలిసినదే. 2008లో నేను రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీ, కమ్యుటేషను కలిపి మా చిన్నవాడికి స్టీలు సామాన్ల దుకాణం పెట్టించాను. వాడు బి.కాం. ఫస్టుక్లాసు. జమాఖర్చులు తప్పు లేకుండా రాసేవాడు. అయితే అరువు అడిగిన వారిలో ఎవరికి ఇవ్వాలి, ఎవరికి లేదనాలి అన్నది పుస్తకంలో లేదు. రెండేళ్ళకు షట్టరు దించాము. అప్పుల పుస్తకం మాత్రం తప్పు లేకుండా ఉండింది! ఈ మనుమరాలు వాడి కూతురే. ఆ ఇంట్లో మళ్ళీ వ్యాపారం మాట రావడం మా ఆవిడకు బొత్తిగా ఇష్టం లేకపోయింది.

ఇక నా సంగతి. ఉద్యోగకాలంలో కొన్నేళ్ళు స్వయం ఉపాధి అప్పుల దరఖాస్తులు నా బల్ల మీదుగానే పోయేవి. 1983లో చదువుకున్న నిరుద్యోగులకు 25,000 రూపాయల పథకం వచ్చింది. 1993 అక్టోబరు 2న ప్రధానమంత్రి రోజ్‌గార్ యోజన మొదలై ఆ మొత్తం లక్ష దాకా పెరిగింది. ప్రతి దరఖాస్తుకు ప్రాజెక్టు రిపోర్టు జతచేయాలి. ఆఫీసు గేటు ఎదుట టైపు మిషను పెట్టుకున్న ఒకాయన అందరికీ ఒకటే రిపోర్టు కొట్టి ఇచ్చేవాడు. పేరు, ఊరు మారేవి, లాభం మాత్రం పైసలతో సహా అదే. పెనుకొండలో పెట్టే జెరాక్సు షాపుకూ, ధర్మవరంలో పెట్టే సైకిలు షాపుకూ ఒకే లాభం! అయినా నేను సంతకాలున్నాయా, సర్టిఫికెట్లు జతచేశారా అని చూసి పైకి పంపేవాడిని. "నాయనా, ఈ అంకె ఎక్కడిది?" అని ఒక్క కుర్రవాడిని కూడా అడిగిన గుర్తు లేదు. అప్పు మంజూరైన వారికి పదిహేను, ఇరవై రోజుల శిక్షణ ఉండేది. అంటే ముందు రిపోర్టు, ఆపైన అప్పు, తరువాత చదువు. మా అమ్మాయి కోర్సులో చదువు ముందున్నది. నా కోపం కొంత తగ్గింది అక్కడే.

వ్యాపారం నేర్పితే వచ్చేదా, రక్తంలో ఉండాలి కదా అని మీరు అడుగవచ్చు. నేనూ అదే అడిగాను. దానికి జవాబు మన తెలుగు నేల మీదే ఉన్నది. 1964లో హార్వర్డు ఆచార్యుడు డేవిడ్ మెక్లెలాండ్, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి కాకినాడ వ్యాపారస్థులకు శిక్షణ మొదలుపెట్టారు. యాభై మందికి పైగా కొద్ది రోజుల చొప్పున వచ్చి కూర్చున్నారు. తమకు తాము లక్ష్యం పెట్టుకోవడం, జూదంలా కాక లెక్క చూసుకొని సాహసించడం నేర్పారు. తరువాత చూస్తే, శిక్షణ లేని వారికంటే వీరు వ్యాపారాలు ఎక్కువగా పెంచుకున్నారట. కులం గాని, పాత ఆచారాలు గాని అడ్డు రాలేదని 1969లో పుస్తకం కూడా వచ్చింది.

అయితే కెమిస్ట్రీ చదివే పిల్లకు ఇదెందుకు, బి.బి.ఏ. వాళ్ళున్నారు కదా అన్నది రెండవ ప్రశ్న. దీనికి నేను హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టునే చూపిస్తాను. పురుగు గూడు కట్టిన పది పన్నెండు రోజులకు చిలుకై గూడు చీల్చుకొని బయటికి వస్తుంది. వచ్చిందా, దారం తెగి ఆ గూడు రీలింగుకు పనికిరాదు. అందుకే రైతు మంచి ధర కోసం నెల రోజులు ఇంట్లో పెట్టుకొని కూర్చోలేడు. జువాలజీ వాడికి పురుగు తెలుసు, కామర్సు వాడికి ధర తెలుసు, రైతుకు మాత్రం రెండూ తెలిసి ఉండాలి. చరిత్ర చదివినవాడు పెనుకొండ గగన్ మహల్ ముందు నిలబడి, 1565 తరువాత విజయనగరపు రాజులు ఇక్కడికి ఎందుకు వచ్చారో యాత్రికులకు చక్కగా చెప్పగలడు. ఆ మాటకు రుసుము ఎంత పెట్టాలో, యాత్రికులు రాని నెలలో ఏమి తినాలో మాత్రం ఎవరూ చెప్పరు. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ మొదలయ్యాక మన పిల్లలందరూ లోపల ఉద్యోగమే అడిగారు. బయట వాళ్ళకు ఏమి కావాలని చూసినవారు తక్కువ.

సంక్రాంతి సెలవులలో మా అమ్మాయి "ధర్మవరం తీసుకుపో తాతా" అన్నది. తెలిసినాయన ఒకరు పట్టునూలుకు రంగు వేస్తారు, అక్కడికి పోయాము. నూలును సబ్బు, సోడా వేసి ఉడికించి జిగురు తీస్తున్నారు. జిగురు పోతే బరువులో సుమారు పావు వంతు తగ్గుతుంది. ఏ రంగు ఎందుకు నిలుస్తుంది, ఏది ఎందుకు వెలుస్తుంది అన్నది ఆమె కెమిస్ట్రీ. కిలోకు కూలి ఎంత, కట్టెలెంత, నీళ్ళ ట్యాంకరు ఎంత అని నోటుపుస్తకంలో రాసుకోవడం ఆమె మైనరు. చివరికి "అత్త రోజంతా నూలు ఆరవేస్తున్నది కదా, ఆమె కూలి ఎక్కడ రాశారు?" అని అడిగింది. ఆయన నవ్వేశాడు. ఆయన భార్య నవ్వలేదు.

ఇప్పుడామెకు ధర్మవరం నేత వారికి వెలిసిపోని రంగులు తక్కువ నీళ్ళతో వేసి ఇచ్చే చిన్న యూనిట్టు పెట్టాలని ఉన్నది. చదువు అయిన తరువాతనే అనుకోండి. పెట్టుబడికి కొంత నా డిపాజిట్టు అడిగింది. వాళ్ళ నాన్న వద్దన్నాడు. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. నేను మాత్రం ప్రాజెక్టు రిపోర్టు రాసి పంపమన్నాను. పదకొండు పేజీలు పంపింది. ఈసారి సంతకం చూసి పక్కన పెట్టలేదు, కళ్ళజోడు తుడుచుకొని ప్రతి అంకె దగ్గర "ఇది ఎక్కడిది?" అని పెన్సిలుతో రాశాను. ముప్పై ఏళ్ళ కిందట రాయవలసినది.

అన్నింటికీ జవాబులు వచ్చాయి, ఒక్కదానికి తప్ప. పన్నెండు నెలలకూ ఒకే రాబడి వేసింది. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, చీరలు కదలవు, నేత వారు రంగుకు నూలు తెచ్చేది తక్కువ. ఆ నెల వాయిదా ఎక్కడి నుండి కడతావమ్మా అని అడిగాను. "మా సారు ఇది చెప్పలేదు తాతా" అన్నది. సారుకు ధర్మవరం తెలియదు కదా.

మన సభ్యులలో ట్రెజరీలో, బ్యాంకులో, వాణిజ్య పన్నులలో పనిచేసినవారు చాలామంది ఉన్నారు. మీ ఇండ్లలో పిల్లలు ఇటువంటి రిపోర్టులు రాస్తే పెన్సిలు తీసుకొని కూర్చోండి. డబ్బు ఇస్తారా ఇవ్వరా అన్నది మీ ఇష్టం, నేనింకా తేల్చుకోలేదు. ఆ డిపాజిట్టు మా ఇద్దరి మందులకు కూడా ఆధారమే.

ఆషాఢం లెక్క మళ్ళీ వేసి ఆదివారం తీసుకొస్తానన్నది. ఆ రోజు భోజనానికి వాళ్ళ నాన్నను కూడా రమ్మన్నాను, వస్తానన్నాడు.