ఓటీపీ చెప్పలేదు, లింక్ నొక్కలేదు.. మా పెద్దమ్మ డబ్బు ఎట్లా పోయింది?

ఈ ఎపిసోడ్ నంద్యాలలో నేను పనిచేసే మొబైల్ షాపు మేడ మీద కూర్చొని చేస్తున్నా. మధ్యలో బస్సు హారన్లు వినిపిస్తే కొంచెం సర్దుకోండి.

"ఓటీపీ చెప్పొద్దు, లింక్ నొక్కొద్దు" అని మీరు ఇప్పటికి వంద రీల్స్ చూసి ఉంటారు. నేనే ఓ పది చేశా. మా పెద్దమ్మ ఆ రెండూ చేయలేదు. ఆమెది బటన్ ఫోన్. లింక్ వచ్చినా నొక్కేదానికి ఏమీ లేదు. అయినా ఖాతాలోంచి పంతొమ్మిది వేల ఐదొందలు పోయినాయి. కంటి ఆపరేషన్‌కని దాచుకున్న డబ్బు అది.

మా ఊరు ఆళ్లగడ్డ. నాయన శిల్పి. కర్నూలు నుంచి కడపకు పోయే హైవే మీద మా ఊరు దాటేటప్పుడు మీరు చూసే ఉంటారు, షెడ్ల ముందర సగం చెక్కిన విగ్రహాలు, రాతిపొడి, గ్రైండర్ మోత. ముప్పై ఏళ్ళు ఉలి పట్టిన చేతులకు రేఖలు మిగలవు. రేషన్ మిషన్ మీద నాయన వేలు ఒకసారి పెడితే ఎప్పుడూ పడదు. తుడిచి పెట్టు, నూనె రాసి పెట్టు, ఇంకో వేలు పెట్టు అంటారు. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానో కొంచెం సేపటికి తెలుస్తుంది.

పెద్దమ్మ మా ఇంట్లోనే ఉంటుంది. పోయిన ఏడాది మార్చిలో పాస్‌బుక్ ఎంట్రీ వేయించుకుందామని బ్యాంకుకు పోయింది. ఫిబ్రవరిలో రెండు విత్‌డ్రాయల్స్ ఉన్నాయి. ఒకటి పది వేలు, తెల్లారి ఇంకొకటి తొమ్మిది వేల ఐదొందలు. పక్కన ఇంగ్లీషులో ఏఈపీఎస్ అని ఉంది. కౌంటర్‌లో ఆయన చూసి, "ఇది వేలిముద్రతో తీసిందమ్మా. మీరే తీసి ఉంటారు, లేకుంటే మీ ఇంట్లోవాళ్ళు తీయించి ఉంటారు" అన్నాడంట.

ఇంట్లోవాళ్ళు అంటే ఎవరు? పెద్దమ్మ ఆధార్ కార్డు జిరాక్స్ ఎవరి దగ్గర ఉంది? నా దగ్గర. ఆమె ఫోన్ రీచార్జ్ చేసేది ఎవరు? నేను. పొద్దస్తమానం వేలిముద్ర మిషన్ ముందర పెట్టుకొని సిమ్‌లు అమ్మేది ఎవరు? నేనే. మా మామ నా మొహం చూడకుండా గోడకు చెప్పినట్టు అన్నాడు, "ఇంట్లో ఆ మిషన్ తెలిసింది ఒక్కనికే కదా" అని. పెద్దమ్మ ఒక్క మాట అనలేదు. అయితే ఆ రాత్రి ఆధార్ కార్డు తీసుకుపోయి బియ్యం డబ్బాలో అడుగున పెట్టుకుంది. నేను చూశా. డబ్బు పోయినదానికంటే నాకు అదే ఎక్కువ తగిలింది.

సరే, అసలు ఏఈపీఎస్ అంటే ఏందో చూద్దాం. ఆధార్ ఎనేబుల్డ్ పేమెంట్ సిస్టమ్. బ్యాంకు లేని ఊళ్ళలో ముసలోళ్ళు, కూలీలు దగ్గర్లోనే డబ్బు తీసుకోవాలని ఎన్‌పీసీఐ పెట్టింది. 'ఆధార్ ఏటీఎం' అని బోర్డు పెట్టుకున్న కొట్లు చూసుంటారు, అదే. మూడు కావాలి: బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర. ఓటీపీ రాదు, పిన్ అడగదు. ఒకసారికి పది వేల వరకు తీయొచ్చు. మంచి పనికే పెట్టారు, దానివల్ల బాగుపడినవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. కానీ ఆ మూడింట్లో బ్యాంకు పేరు రహస్యం కాదు. ఆధార్ నంబరు మనం లాడ్జిలో, కాలేజీలో, సిమ్ షాపులో జిరాక్స్ ఇచ్చుకుంటూ పోతాం. మిగిలింది వేలు.

వేలిని ఎట్లా ఎత్తుకుపోతారు అని అడుగుతారు కదా. 2001లో రిజిస్ట్రేషన్ చట్టానికి సవరణ వచ్చింది, 32ఏ సెక్షన్. అప్పటినుంచి ఆస్తి రిజిస్ట్రేషన్‌లో కొన్నవాళ్ళవీ, అమ్మినవాళ్ళవీ ఫొటోలు, వేలిముద్రలు తీసుకుంటున్నారు. మోసం ఆపేదానికి పెట్టిన రూలే. తర్వాత దస్తావేజులు స్కాన్ అయినాయి, ఆన్‌లైన్‌లోకి వచ్చినాయి. 2022లో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. వాళ్ళు మన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దింపుకొని, వాటి మీది వేలిముద్రలతో నకిలీ వేళ్ళు చేసి, జనం ఖాతాల్లోంచి ఏఈపీఎస్ ద్వారా డబ్బు లాగారు. వేలిముద్ర బొమ్మ చేతికొస్తే, దాన్ని అచ్చు పోసి రబ్బరులాంటి పొర చేసుకోవడం పెద్ద విద్య కాదంట. పెద్దమ్మ కూడా రెండేళ్ళ కిందట రెండు సెంట్ల స్థలం కూతురి పేరు మీద రాసి రిజిస్టర్ చేయించింది. పోయింది అక్కడినుంచే అని నేను రుజువు చేయలేను. కానీ ఆమె వేలు, ఆధార్ నంబరు రెండూ ఒకే కాగితం మీద ఉన్నది అక్కడే.

ఇది విని నాయన అన్న మాట ఇంతవరకు మర్చిపోలేదు. "నా సొంత వేలు పెడితే బియ్యం ఇయ్యరు. ఎవురిదో రబ్బరు వేలికి పది వేలు ఇచ్చినారు చూడు!"

నా లైన్‌లో జరిగింది ఇంకోటి చెప్తా. 2018లో తెలంగాణలో, పెద్దపల్లి జిల్లా ధర్మారంలో ఒక సిమ్ డిస్ట్రిబ్యూటర్ ఇదే పద్ధతిలో వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి దొరికాడు. ఎందుకు చేశాడో తెలుసా? టార్గెట్ కోసం. ఆ వార్త గుర్తొచ్చినప్పుడు నాకు కొంచెం భయమేస్తది. టార్గెట్ అంటే ఏందో నాకూ తెలుసు కాబట్టి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. అంతకుముందు ఏడాది నెలాఖరుకు నాకు రెండు సిమ్‌లు తక్కువ పడ్డాయి. పెద్దమ్మ పాత నంబరు పోర్ట్ చేయకుండా కొత్త సిమ్ వేసిచ్చా. పాతది రీచార్జ్ లేక ఆగిపోయింది. బ్యాంకులో, ఆధార్‌లో ఉన్నది మాత్రం ఆ పాత నంబరే. ఫిబ్రవరిలో డబ్బు తీసినప్పుడు బ్యాంకు మెసేజ్ పంపింది. అది ఎవరికీ చేరలేదు. నేను దొంగతనం చేయలేదు, నిజమే. కానీ ఇంటికి కాపలా కుక్క ఉంటే దాన్ని కట్టేసి పోయినోణ్ణి నేనే.

మీలో ఎంతమంది ఇదే పని చేసుంటారు? ఆఫర్ వచ్చిందని అమ్మ నంబరు, తాత నంబరు మార్చి, బ్యాంకుకు చెప్పకుండా వదిలేసి ఉంటారు. ఆ నంబరు కొన్నాళ్ళకు ఇంకొకరికి పోతుంది కూడా. వీడియో ఆపి ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి అడగండి, నేనేం అనుకోను.

ఎందుకింత గట్టిగా చెప్తున్నా అంటే రోజుల లెక్క ఉంది. 2017 జూలైలో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు మనదీ కాదు, బ్యాంకుదీ కాదు, మధ్యలో వేరేవాళ్ళు మోసం చేశారు అన్నప్పుడు, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు మనం ఫిర్యాదు చేస్తే నష్టం మన నెత్తిన పడదు. నాలుగు నుంచి ఏడు రోజులైతే కొంత మనం భరించాలి. ఏడు దాటితే బ్యాంకు పాలసీ ఎట్లుంటే అట్లా. మేము పోయేసరికి నెల కావస్తోంది.

1930కి ఫోన్ చేశాం. తీసుకున్నారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. కానీ ఇక్కడొక తేడా తెలుసుకోవాలి. యూపీఐలో పోయిన డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు పోతుంటది కాబట్టి, గంటలోపు చెప్తే మధ్యలో ఎక్కడో ఆపే అవకాశం ఉంది. ఏఈపీఎస్‌లో నోట్లు చేతికి వచ్చేస్తాయి. ఆపేదానికి ఏమీ ఉండదు. అయినా ఆ ఫిర్యాదు నంబరు లేకుంటే బ్యాంకులో మన మాట ముందుకు పోదు.

నా మీద మచ్చ పోయింది వేరే దానివల్ల. ఉడాయ్ వెబ్‌సైట్‌లో, ఎంఆధార్ యాప్‌లో 'ఆథెంటికేషన్ హిస్టరీ' అని ఉంటది. ఆరు నెలల్లో మీ ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో, వేలా, ఓటీపీనా, పాసయిందా ఫెయిలయిందా, అన్నీ చూపిస్తది. కాకపోతే అది తెరవాలంటే ఆధార్‌కు లింకైన నంబరుకు ఓటీపీ రావాలి. మా పాత నంబరు చచ్చిపోయింది కదా. నంద్యాల ఆధార్ సెంటర్‌లో లైన్లో నిలబడి నంబరు మార్పించుకొని, అప్‌డేట్ అయ్యేదాకా కాచుకొని, అప్పుడు తెరిచాం.

ఫిబ్రవరిలో ఒక రాత్రి ఎనిమిదీ నలభైకి వేలిముద్ర, ఫెయిల్. నిమిషం తర్వాత మళ్ళీ ఫెయిల్. మూడోది పాస్. పక్కన ఉన్న బ్యాంకు పేరు చూస్తే, అందులో మాకెవరికీ ఖాతానే లేదు. పెద్దమ్మకు తేదీ చదివి వినిపించా. ఆమె వేళ్ళ మీద లెక్కేసి, "అది అహోబిలంలో పెండ్లి రోజు కదరా. ఆ టయానికి నువ్వు నాకు బంతిలో పులిహోర వడ్డిస్తాంటివి" అంది. పెండ్లి వీడియోలో ఉంది కూడా. మామకు ఆ ముక్క నేనే వాట్సాప్‌లో పంపించా. బ్లూ టిక్ పడింది, రిప్లై రాలేదు.

బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చాం. ముప్పై రోజులు చూసి, సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టాం. ఆన్‌లైన్‌లోనే, ఒక్క రూపాయి ఖర్చు లేదు. పది వేలు వెనక్కి వచ్చినాయి. రెండోది ఇంకా నడుస్తాంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ఎంఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంది. వేసేయండి, రెండు నిమిషాల పని. లాక్ ఉంటే అసలు వేలైనా, రబ్బరు వేలైనా పడదు. 2023 ఫిబ్రవరి నుంచి నకిలీ వేలిని పట్టుకునే చెకింగ్ ఉడాయ్ పెట్టింది, మంచిదే, కానీ లాక్ మన చేతిలో ఉంది కాబట్టి వేసుకుందాం. ఏఈపీఎస్ వాడని ఖాతాకు దాన్ని ఆపేయమని బ్యాంకులో అడగండి. సంచార్ సాథీ సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోండి, మీవి కానివి ఉంటే అక్కడే రిపోర్ట్ కొట్టండి. షాపులో "వేలు పడలేదు, మళ్ళీ పెట్టు" అంటే స్క్రీన్ మీ వైపు తిప్పమనండి. నన్ను అడిగినా నేను తిప్పుతా, తిప్పకపోతే షాపు మారండి. ఇంకోటి, "నీ ఖాతా నెల రోజులు వాడుకుంటాం, ఐదు వేలు ఇస్తాం" అని కాలేజీ పిల్లల దగ్గరికి వస్తున్నారు. అట్లా ఇచ్చిన ఖాతాల్లోకే ఇంకెవరి పెద్దమ్మ డబ్బో వచ్చి పడేది. పోలీసులు ముందు వచ్చేది ఖాతా ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళింటికే.

లాక్‌తో ఒక ఇబ్బంది ఉంది, అది కూడా చెప్పాలి. రేషన్‌కు, పింఛనుకు వేలు పెట్టాలంటే లాక్ తీయాలి. తీస్తే కొన్ని నిమిషాలే, మళ్ళీ దానంతట అదే పడిపోతది. అందుకే ప్రతి నెలా ఒకటో తేదీ పొద్దున్నే, నేను నంద్యాల బస్సులో శిరివెళ్ళ కూడా దాటకముందే పెద్దమ్మ ఫోన్ వస్తది. వెనకనుంచి సచివాలయం ఆయన గొంతు వినిపిస్తా ఉంటది.

"ఒరే నాయనా, పింఛనాయన వచ్చినాడు. తాళం తియ్."