ఓడ యెక్కుటకు ముందు సోదా



మన పల్లెలలోని పెద్దలు పిల్లలయొద్దకు అమెరికా పోయి వచ్చుట యిప్పుడు వింత గాదు. కొడుకో కూతురో అచ్చట ఉద్యోగము చేయుచుండగా, తలిదండ్రులు పోయి నాలుగైదు నెలలుండి వచ్చుచున్నారు. వచ్చినవారిని ఇంట నూరక కూర్చుండబెట్టుట కిష్టము లేక పిల్లలు వారిని విహారనౌకలమీద సముద్రయాత్రకు గొనిపోవుచున్నారు. ఆ నౌక యెక్కువేళ జరుగు సోదానుగూర్చి ఈ సాయంకాలము నేనెఱిగినంత మనవి చేసెదను. నేను ముప్పదియైదేండ్లు బడిపంతులుగా పనిచేసినవాడను. గోళీలకొఱకును, కాపీచీటీలకొఱకును పిల్లల సంచులు వెదకినవాడనే గాని, నా సంచి నింకొకరు వెదకుట యెట్లుండునో అఱువదియైదవయేట గాని నాకు దెలియలేదు.

2023 డిసెంబరు నెలలో మా పెద్దవాడు నన్నును వాని తల్లిని ఫ్లారిడా రాష్ట్రములోని యొక రేవునకు గొనిపోయెను. రేవు వాకిటనే పెద్దపెట్టెలను కూలీలు తీసికొని చీట్లు కట్టి లోనికి బంపిరి. చేతిసంచులు మాత్రము మాయొద్ద నుండెను. లోపల పొగాకు గొడౌనువంటి విశాలమైన చావడి. అందు త్రాళ్లు కట్టి, పాము మెలికలవలె మలుపులు మలుపులుగా వరుస లేర్పఱచిరి. నిలుచుటకు చోటున్నది, కూర్చుండుటకు బల్ల లేదు. గంటన్నర నిలిచితిమి.

నా భార్యకు రెండు మోకాళ్లకును లోహపు కీళ్లు వేసి మూడేండ్లయినది. ద్వారబంధమువంటి యంత్రముక్రిందుగా ఆమె నడవగానే అది కీచుమని యఱచెను. వెనుకకు బొమ్మనిరి; మరల నడిపించిరి; మరల నఱచెను. గాజులు దీయించిరి. అయినను అఱచెను. అప్పుడొక స్త్రీ యుద్యోగి యామెను ప్రక్కకు బిలిచి, రెండుచేతులును చాచి నిలువుమని, నలుగురు చూచుచుండగా మెడనుండి మడమలదాక తడవి చూచెను. ఆ యమ్మాయి తన పని తాను చేసినది. కఠినముగా మాటాడినదికూడ లేదు. కాని మా యింటి యాడువారు పరులచేత నట్లు తడవబడినవారు గారు. మా పిల్లవాడు మోకాళ్ల సంగతి ఇంగ్లీషులో చెప్పునప్పటికే అంతయు నైపోయినది. ఆమె కన్నులు దుడిచికొని కొంగు సవరించికొనినది గాని యొక్కమాటయు నాడలేదు.

తరువాత నా వంతు వచ్చెను. నా సంచి యెక్సురే యంత్రములో దూఱి యావలకు రాక నిలిచిపోయెను. ఇద్దఱు ముగ్గురు తెరవంక వంగి చూచిరి. సంచి విప్పి పైకి దీసినది మా నాయనగారి అడకత్తెర. ఇత్తడి పిడులు, ఉక్కు వాదర. మా నాయనగారు పోయిన పిమ్మట నాకు వచ్చిన ఆస్తిలో నేను ప్రతిదినమును వాడుకొనున దది యొక్కటియే. అది యేమియో వారికి బోధపడలేదు. ఒకడు విప్పును, మూయును, రెండవవాని కిచ్చును. «నాన్నగారూ, ఇది ఆయుధములలో చేరునట, లోనికి రానీయరట» అని మావాడు చెప్పెను. వక్కలు కత్తిరించుట కని వివరించిన కొలదిని వారికి అనుమానము హెచ్చినదే గాని తగ్గలేదు. ఏలయన వక్క యనగా నేమో మరల చెప్పవలసి వచ్చెను! తుదకు దానికొక చీటి కట్టి, దాని జోడుచీటి నాకిచ్చి, యాత్ర ముగిసిననాడు తీసికొమ్మనిరి.

పెద్దపెట్టెలో నా భార్య దేవతార్చనకై యుంచుకొనిన హారతికర్పూరమును, అగరువత్తులును, చిన్న యిస్త్రీపెట్టెయు యంత్రములో కనబడుటచే ఆ పెట్టె మా గదికి రాలేదు. సాయంకాలము క్రింది యంతస్తునకు మమ్ము బిలిపించి, మా కన్నులయెదుట వానిని దీసివేసిరి. ఆవకాయజాడిని పారవైచిరి. ఇంట చేసిన తినుబండారములు తేగూడదట. ఆ యావకాయ మా యూరినుండి పదివేల మైళ్లు విమానముమీద వచ్చినది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దుడ్డిచ్చి దొంగలమైతిమి గదా యని పరితపించితిని. మఱునాడు మెట్లయొద్ద నిలిచియున్న రక్షణోద్యోగి మన దేశపు సైన్యములో పనిచేసి విశ్రాంతి దీసికొనినవాడని తెలిసెను. నాకు వచ్చిన కొంచెపు హిందీతో నా బాధ యాయనతో చెప్పికొంటిని. ఆయన నవ్వక, కసరక, తీరికగా బదులు చెప్పెను. ఆయన చెప్పినదానిని, తరువాత నేను చదివి తెలిసికొనినదానిని కలిపి చెప్పుచున్నాను.

1985వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీని ఇటలీదేశపు విహారనౌక ‘ఆకిల్లే లారో’ అనునది ఈజిప్టు తీరమున బోవుచుండెను. ప్రయాణికులలో పెక్కుమంది పిరమిడ్లు చూచుటకై అలెగ్జాండ్రియాలో దిగిపోయిరి. ఓడలో మిగిలినవారిలో ముసలివారును అశక్తులును ఎక్కువ. నలుగురు సాయుధులు హఠాత్తుగా ఓడను పట్టుకొనిరి. వీరు సముద్రముమీద మఱియొక యోడలో వచ్చి పైబడిన దొంగలు గారు. జెనోవా రేవులో తక్కినవారివలెనే టిక్కెట్లు కొని యెక్కిన ప్రయాణికులు! ఆయుధములు దాచి తెచ్చికొనిరి. నాడు వారి నాపి చూచినవారు లేరు. మఱునాడు వారు లియాన్ క్లింగ్‌హాఫర్ అను 69 ఏండ్ల అమెరికా వృద్ధుని, చక్రముల కుర్చీలో నున్నవానిని, కాల్చి చంపి కుర్చీతోగూడ సముద్రములో బడవైపించిరి.

చక్రముల కుర్చీలోని ముసలివాడని విన్నప్పుడు నా కోపము సగము చల్లారినది. నా భార్యయు ఆ చావడిలో చక్రముల కుర్చీ యడుగుదునా మానుదునా యని తటపటాయించినదే.

ఆ దుర్మార్గము తరువాత 1988లో రోమునగరమున నౌకాయాన రక్షణకై యొక యంతర్జాతీయ యొడంబడిక జరిగెను. 2001 సెప్టెంబరులో అమెరికాలో విమానములతో జరిగిన ఘోరముపిమ్మట, 2002 డిసెంబరులో లండనునందు పెక్కుదేశములు గూడి ఓడలకును రేవులకును కలిపి యొక రక్షణనియమావళిని వ్రాసికొనెను. అది 2004 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. అది అమలునకు రాక నాలుగు నెలల ముందే, ఆ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీని, ఫిలిప్పీను ద్వీపములలో మనీలా దాటిన యొక ప్రయాణికులయోడ బాంబువలన కాలి 116 మంది చనిపోయిరి. ఆ బాంబును టెలివిజనుపెట్టెలో దాచి యెక్కించిరి. ఇట్టిది జరిగిన లోకములో జాడిలో నున్నది ఆవకాయయే యని తెరమీద నీడను చూచి చెప్పుమన్న నెవడు చెప్పగలడు?

ఇక కర్పూరము, ఇస్త్రీపెట్టె సంగతి వేఱు. అది దొంగలభయము గాదు, అగ్నిభయము. ఊరిలో ఇల్లంటుకొన్న బావి కలదు, ఇరుగుపొరుగు కలరు. పరుగెత్తుటకు వీధి కలదు. నడిసముద్రమున పరుగెత్తి యెచ్చటికి బోవుట? 1934 సెప్టెంబరులో ‘మారో కాసిల్’ అను నౌక న్యూజెర్సీ తీరము చేరువనే తగులబడి 137 మంది మడిసిరి. తీరము కనుచూపుమేరలో నున్నను ఫలము లేకపోయెను. వేలమంది నిద్రించు గదులలో నొక్క గదిలో ఇస్త్రీపెట్టె మఱచిపోయిన చాలును. అందుచే దీపములు, క్రొవ్వొత్తులు, అగరువత్తులు, ఇస్త్రీపెట్టెలు, నీరుగాచు విద్యుత్పాత్రలు చాలయోడలలో నిషిద్ధములు. భగవంతునికి హారతి మనసులో నిచ్చినను చెల్లును.

ఈ పద్ధతి తెల్లవారు కనిపెట్టినదని మనవారిలో కొందఱు తలంచుచున్నారు. కౌటిల్యుని యర్థశాస్త్రము తిరుగవేసిన ఆ భ్రమ తీఱును. అందు నావధ్యక్షుడను నుద్యోగి కలడు. ముద్రాధ్యక్షుడను వేఱొకడు కలడు. మాషకమను నాణెము చెల్లించి ముద్ర పొందినవాడే దేశములోనికి వచ్చుటకును బయటికి బోవుటకును అర్హుడు. ముద్రలేని దేశవాసికి పండ్రెండు పణముల దండుగ. రేవుదాటువారిలో నెవరి నాపవలెనో కూడ ఆ గ్రంథకర్త చెప్పినాడు: బెదరుచూపులవాడు, తలమీద పెద్దమూటతో మొగము కప్పికొనినవాడు, నిన్నమొన్న కాషాయము కట్టిన సన్యాసి, రోగమున్నదని నటించువాడు, ఆయుధమును గాని అగ్నిద్రవ్యమును గాని విషమును గాని దాచికొనినవాడు, దూరమునుండి వచ్చుచు ముద్ర లేనివాడు. అడకత్తెరయు కర్పూరమును పట్టువడిన నాడు నాకీ ప్రకరణము జ్ఞప్తికి రాకపోవుట నా పాండిత్యమున కొక లోపమే.

అంత దూర మేల? మా తాతగారు పడుచుదనమున కాకినాడ రేవులో పొగయోడ యెక్కి రంగము పోయినవారు. ఓడ యెక్కుటకు ముందు జనమును బారులు దీర్చి, వైద్యుడు కనుఱెప్పలెత్తి చూచి, చంకలు తడవి, టీకాలు పొడిచి పంపెడివాడని మా చిన్నతనమున చెప్పెడివారు. అన్నముకొఱకు పోవువారు గనుక దాని నవమానమని యనుకొనుటకు వారికి తీరిక లేకపోయెను. మనము వినోదముకొఱకు పోవుచున్నాము; కావున మనకు రోషము.

అయినను నాకుగల ఫిర్యాదులన్నియు తీఱినవని చెప్పజాలను. సోదా వలదని నే ననను. చేయు తీరుగూర్చి యనుచున్నాను. 2018లో అమెరికా తీరరక్షకదళమువారు చేసిన నిబంధనలలో, ఓడలోనికి తేరాని ప్రమాదకరవస్తువుల పట్టిక యుండవలెననియు, దానిని సోదాచేయుచోట నుంచవలెననియు కలదు. పట్టిక నిజముగనే పెట్టియుండిరి. కాని గంటన్నర నిలిచి, వస్తువు చేతనుండగా, తిరిగి యింటికి బోవు దారి లేనిచోట దానిని చదివి యేమి లాభము? అదియు గాక ఆ పట్టిక కనీసపుది; ప్రతి కంపెనీవారును తమతమ నిషేధములను దానికి చేర్చుకొందురు. అందుచే నొక యోడలో చెల్లినది వేఱొక యోడలో చెల్లదు. విమానములో పెద్దపెట్టెలో పెట్టుకొనిన కత్తిని ఎవ్వరును ఆక్షేపింపరు. ఓడలోనైనచో ఆ పెట్టెయే మీ గదికి వచ్చును గనుక దాని ననుమతింపరు. ఈ భేదము తెలియక మోసపోయినవారు ఆ చావడిలో నే నొక్కడనే గాను; దొరలును దొరసానులునుకూడ చిన్నబోయి నిలిచియుండిరి. ఒకడు నోరు పుక్కిలించు మందుసీసాలో సారాయి పోసికొని తెచ్చి పట్టువడినాడు. వానిమీద మాత్రము నాకు జాలి కలుగలేదు.

తొందరకు కారణ మింకొకటి. ఉదయము ఓడ రేవు జేరును. పూర్వాహ్ణములో పాతవారందఱు దిగుదురు. సాయంకాలమునకు క్రొత్తవారితో బయలుదేరును. 2024 జనవరిలో మయామీనుండి తొలియాత్ర చేసిన ‘ఐకన్ ఆఫ్ ది సీస్’ అను నౌకలో పూర్తిగా నిండిననాడు 7,600 మంది ప్రయాణికులు పట్టుదురట. రెండు మూడు పెద్దగ్రామముల జనమును నాలుగైదు గంటలలో యంత్రముక్రింద నడిపింపవలెనన్న, ఒక్కొక్క ముసలమ్మకు మోకాలిసంగతి చెప్పుకొనుటకు వ్యవధి యెక్కడిది? ఓడ పెద్దది చేయుటకు ధనమున్నవారు చావడిలో నాలుగు బల్లలు వేయించుటకు లేదందురా?

కావున పోదలచిన పెద్దలకు నే చెప్పగలిగినది కొంచెము. మీ పిల్లలచేత ఆ కంపెనీవారి నిషేధములపట్టికను నెలముందే చదివించి తెలుగులో చెప్పించుకొనుడు. మీ సంచి మీరు సర్దుకొనుడు. లోహపు కీళ్లో, గుండెయంత్రమో యున్నవారు వైద్యునిచేత ఇంగ్లీషులో నొక చీటి వ్రాయించుకొని చేతిలో పట్టుకొని, యంత్రముక్రిందికి బోక ముందే చూపవలెను, అఱచిన తరువాత గాదు. తడవి చూడవలసివచ్చినచో ప్రత్యేకమైన గదిలో చూడుమని యడుగవచ్చును. మే మడుగవచ్చునని యెఱుగక మిన్నకుంటిమి. మందులును పాసుపోర్టును పెద్దపెట్టెలో పెట్టరాదు, అది గదికి వచ్చుసరికి రాత్రి కావచ్చును. చక్రముల కుర్చీ ముందుగా నడిగియుంచుకొనుడు. వీసా ఒక్కసారి ప్రవేశమునకా, పలుమార్లు ప్రవేశమునకా యనునదియు చూచికొనవలెను. ఓడ విదేశపు రేవును తాకి మరల వచ్చును గనుక. నడుమ రేవులలో దిగి తిరిగి యెక్కిన ప్రతిసారియు సోదా మొదటినుండి జరుగును. బహామా ద్వీపములలో గవ్వలు కొనుటకు దిగి, అరగంటలో తిరిగి వచ్చిన మాకును జరిగినది. మూడవసారికి నా భార్య తనంతట తానే చీటివంటి కాగితము చూపి, చేతులు చాచి నిలిచినది.

ఈ మాటలు అమెరికా పోవువారికి మాత్రమే పనికివచ్చునని తలపవలదు. 2022 జూను నెలలో విశాఖపట్టణమునుండి పుదుచ్చేరి, చెన్నపట్టణములకు విహారనౌక నడచినది. 2023 సెప్టెంబరులో విశాఖరేవున అంతర్జాతీయ విహారనౌకలకై ప్రత్యేకముగా మేడ తెఱచిరి. అచ్చటను యంత్రములుండును, వరుసలుండును. పట్టికను తెలుగులో పెట్టుడని, ముసలివారికి బల్లలు వేయుడని అడుగుటకు అచ్చట మనకు భాషయున్నది, హక్కును ఉన్నది.

తిరిగి దిగిననాడు నా చీటి చూపితిని. లోపలినుండి యొక యువకుడు అడకత్తెరను రెండుచేతులతో తెచ్చి, «మీ ఆయుధ మిదిగో» అని ఇంగ్లీషులో నవ్వుచు నిచ్చెను. ఆ చీటిని నేనింకను విప్పలేదు. ఇత్తడిపిడికి వ్రేలాడుచునే యున్నది. తాంబూలము వేసికొనునప్పుడెల్ల మా మనుమలు దానిని లాగి చదువుదురు. నా భార్య మాత్రము ఆ కథ చెప్పనీయదు, చెప్ప మొదలిడిన, «ఆ జాడి మాట యేమి?» అనును.

సెలవు.