పిల్లల నవలల్లో పోలికలు ఎందుకు?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం - బాన్సువాడ)



ఏటా డిసెంబరు 17న కలుసుకున్నప్పుడు 1982 నాటి నకారా కేసు తీర్పు గురించి, డి.ఏ. బకాయిల గురించి మాట్లాడుకోవడం మనకు ఆనవాయితీ. ఆ సంగతులు చెప్పడానికి నాకంటే సమర్థులు ఈ సభలో ఉన్నారు. ఈసారి మనుమలను, మనుమరాళ్లను వెంటబెట్టుకుని వచ్చినవారు ఎక్కువ కనుక పిల్లలకు పనికివచ్చే విషయం ఏదైనా చెప్పమని కార్యదర్శి గారు కోరారు. పిల్లల నవలలు రాసేవారు పోలికలను, అలంకారాలను ఎందుకు వాడతారో, వాటితో తాతలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు ఉన్న పని ఏమిటో నాకు తోచినంత మనవి చేస్తాను.

నేను పండితుణ్ణి కాను. గుమాస్తాగా నోట్ ఫైళ్లు రాసినవాణ్ణి. మన ఆఫీసు రాతలో పోలికలకు చోటు లేదు. భూమి 2 ఎకరాల 10 గుంటలు అని రాయాలి గాని, ‘చూపు ఆనినంత మేర’ అని రాస్తే మెమో వచ్చేది. లెక్క తేలాల్సిన చోట అది న్యాయమే. కాని ఆరేడేళ్ల పిల్లవాడికి 10 గుంటలంటే ఏం తెలుస్తుంది? రాక్షసుడి ఎత్తు 40 అడుగులు అని చదివితే వాడికి భయం వేయదు. ‘మన వీధి చివరి తాటిచెట్టు వాడి భుజం దాకా కూడా రాదు’ అని చెప్పి చూడండి, వెంటనే తల ఎత్తి పైకి చూస్తాడు. పిల్లల రచయితకు పోలిక అవసరమయ్యే మొదటి కారణం ఇదే. పిల్లవాడికి తెలిసిన వస్తువును కొలబద్దగా పెట్టి, తెలియని వస్తువును చూపించడం.

మన తెలుగు వాచకాలలో ఉపమాలంకారానికి నాలుగు అంగాలు చెప్పేవారు. ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం, ఉపమావాచకం. వర్ణించే వస్తువు ఉపమేయం, దేనితో పోలుస్తామో అది ఉపమానం, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గుణం సమాన ధర్మం, ‘వలె’, ‘లాగా’ వంటి మాట ఉపమావాచకం. ఆ రెండింటికీ భేదమే లేదన్నట్టు చెబితే రూపకం. పరీక్ష కోసం వీటిని బట్టీ పట్టాము. అసలు సంగతి ఏమిటంటే, బడికి వెళ్లకముందే మనకు అలంకారం తెలుసు. ఆకాశంలో ఉన్న చంద్రుణ్ణి చూపించి, వాడు నీకు మామ అవుతాడని చెప్పి తల్లి ముద్ద పెడుతుంది. అంత దూరాన ఉన్నవాణ్ణి ఒక్క మాటతో చుట్టాన్ని చేసింది. 1947 జూలైలో మద్రాసు నుంచి నాగిరెడ్డి, చక్రపాణి గార్లు పిల్లల పత్రిక ప్రారంభించినప్పుడు దానికి ‘చందమామ’ అనే పేరే పెట్టారు. ఆ పేరు విన్న పిల్లవాడికి అది ఎవరో కొత్తవారి పుస్తకం అనిపించలేదు.

ఆ పత్రికలో సీరియల్ నవలలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారిని మనలో చాలామంది పేరు తెలియకుండానే చదివాము. రాకాసిలోయ, కంచుకోట, జ్వాలాద్వీపం, రాతిరథం - ఈ పేర్లు వింటేనే కళ్ల ముందు బొమ్మ కడుతుంది. లోయకు రాకాసి అని పేరు పెట్టగానే అందులోకి వెళ్లినవాడికి ఏమవుతుందో అన్న బెంగ మొదలవుతుంది. నెలరోజుల పాటు తరువాతి సంచిక కోసం పిల్లవాడిని నిలిపి ఉంచాలంటే అలాంటి బలమైన మాట కావాలి.

రెండవ కారణం, పిల్లలకు భావాలున్నా వాటికి పేర్లు తెలియవు. అవమానం, అసూయ, ఆందోళన అనే మాటలు వారికి బరువు. ‘గొంతులో రేగు గింజ ఇరుక్కున్నట్టుంది’ అంటే మాత్రం ఏడుపు ఆపుకునే పిల్లవాడికి అది తన సంగతేనని తెలిసిపోతుంది. నవలలో ఆ మాట చదివిన పిల్లవాడు రేపు తన బాధ చెప్పుకోవడానికి అదే మాట వాడుకుంటాడు. ఇది చిన్న ఉపకారం కాదు. కడుపులో ఉన్నది చెప్పుకోవడం రాక లోలోపల కుమిలే పిల్లలు మన ఇళ్లలోనే ఉన్నారు.

మూడవ కారణం, పోలిక పాత్రను గుర్తుంచుకునేటట్టు చేస్తుంది. 1894లో వచ్చిన కిప్లింగ్ ‘జంగిల్ బుక్’ మధ్యప్రదేశ్‌లోని సివనీ కొండల్లో జరిగిన కథ. తోడేలు తల్లికి మనిషి బిడ్డ దొరికాడు. తన పిల్లలకు ఒంటినిండా బొచ్చు, వీడి ఒళ్లు నున్నగా ఉంది. అందుకని కప్ప అనే అర్థంలో వాడికి మౌగ్లీ అని పేరు పెట్టింది. ఆ భాష రచయిత కల్పించినదే. వాడు ఆ మందలో వేరు అనే సంగతి, అయినా వాడి మీద ఆ తల్లికి ఉన్న ముద్దు, రెండూ ఆ ఒక్క పేరులో వచ్చాయి. మన ముళ్లపూడి వెంకటరమణ గారి ‘బుడుగు’లోనూ రెండుజెళ్ల సీత ఉంది.  రెండు జడలతోనే ఆ అమ్మాయి గుర్తుండిపోయింది.

నాల్గవది, ఆట. 1865 నాటి ‘ఆలిస్’ కథలో లూయిస్ కారల్ ఒక పాత్ర చేత బొంతకాకికీ రాత బల్లకూ పోలిక ఏమిటని అడిగిస్తాడు. పుస్తకంలో దానికి జవాబు లేదు. అయినా చదివినవారు ఇప్పటికీ జవాబులు వెతుకుతూనే ఉన్నారు. మన పొడుపు కథలు చేసేదీ ఇదే పని. సమాన ధర్మాన్ని దాచిపెట్టి, నువ్వే కనుక్కో అంటాయి. అలా బుర్రకు పదును పెట్టడం మన ముసలమ్మలకు ఎప్పటినుంచో తెలిసిన విద్య.

అయితే పోలికలన్నీ మంచివి కావు. ప్రతి రాజకుమారి ముఖమూ చంద్రబింబమే అయితే ఏ ముఖమూ కనిపించదు. పేజీకి పది పోలికలు పెడితే పులుసులో చింతపండు ఎక్కువైనట్టే, పిల్లవాడు పుస్తకం మూసేస్తాడు. అన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. పోల్చిన వస్తువు పిల్లవాడికి తెలియకపోతే పోలిక పనిచేయదు.

మనం చిన్నప్పుడు చదివిన కథల్లో సముద్రం వచ్చేది. మాస్కో నుంచి ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో అచ్చు వేసి పంపిన చక్కటి పుస్తకాల్లో మంచు వచ్చేది. బాన్సువాడ పిల్లలకు సముద్రం ఎక్కడిది, మంచు ఎక్కడిది? కాని మనకు నిజాంసాగర్ ఉంది. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ ప్రాజెక్టుకు సాగర్ అని పేరు పెట్టడమే ఒక రూపకం. మంజీరకు వరద వచ్చి నీళ్లు నిండినప్పుడు పిల్లవాణ్ణి కట్ట మీద నిలబెట్టి, ‘అవతలి ఒడ్డు ఇంకా ఇంకా దూరం జరిగిపోయి అసలే కనిపించకపోతే అది సముద్రం’ అని చెబితే చాలు. మంచుకు ఏకిన దూది చూపించవచ్చు.

ఇప్పుడు చిక్కు మరో వైపు తిరిగింది. దూరపు వస్తువులు టీవీలో, ఫోనులో కనిపిస్తున్నాయి. ఇంటి వస్తువులే కనిపించడం లేదు. ఒకరోజు మా మనుమడికి పాత పిల్లల నవల ఒకటి చదివి వినిపిస్తున్నాను. రాక్షసుడి కడుపు గాదె అంత ఉందని అందులో వచ్చింది. ‘తాతా, గాదె అంటే ఏంది?’ అన్నాడు. ‘మన దిక్కు గుమ్మి అంటరు బిడ్డా’ అన్నాను. వాడికి గుమ్మి కూడా తెలియదు. వడ్లు కోసే మిషను పొలంలోకి వచ్చాక కోసిన వడ్లు కోసినట్టే కొనుగోలు కేంద్రానికి పోతున్నాయి. ఇంట్లో గుమ్మి ఎందుకు ఉంటుంది? చివరకు ‘మన డాబా మీది నీళ్ల ట్యాంకు అంత కడుపు’ అన్నాను. వాడు పైకి చూసి, ‘అన్ని నీళ్లు తాగుతడా?’ అని అడిగి, తరువాతి పేజీ చదవమన్నాడు. ఆ మాట తగలకపోతే పుస్తకం అక్కడే ఆగిపోయేది.

ఆ తరువాత గుమ్మి గురించి కూడా చెప్పాను. వెదురు బద్దలతో అల్లి, పేడమట్టితో అలికి, వడ్లు పోసుకునేవాళ్లమని చెప్పాను. ట్యాంకుతో కథ నడిచింది, గుమ్మితో ఇంటి చరిత్ర తెలిసింది. రెండూ కావాలి. ఒక వస్తువు ఇంట్లోంచి పోతే, దానితో పాటు దాని చుట్టూ అల్లుకున్న మాటలు, సామెతలు, పోలికలు కూడా పోతాయి. రోలు, కవ్వం, మోట, కంచుడు చూసిన చివరి తరం మనదే. మనం చెప్పకపోతే మన పిల్లల పిల్లలకు పాత తెలుగు పుస్తకం పరాయి భాష పుస్తకం లాగే ఉంటుంది. 2018లో మన రాష్ట్రంలో బడుల్లో తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. మంచిదే. చట్టం వల్ల పిల్లవాడి చేతికి తెలుగు వాచకం వస్తుంది. అందులోని మాటకు రుచి తెలియాలంటే ఇంట్లో ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి.

కనుక తోటి పెన్షనర్లకు నా మనవులు మూడు. ఒకటి, రోజుకు అరగంట మనుమలకు తెలుగు కథ చదివి వినిపించండి. దూరాన ఉన్నవారికి ఫోనులోనైనా వినిపించండి. రెండు, తెలియని పోలిక వస్తే దాటవేయకండి. ముందు వారికి తెలిసిన వస్తువుతో చెప్పి, తరువాత మనకు తెలిసిన వస్తువును చూపించండి. మూడు, ‘ఇది దేని లాగా ఉంది?’ అని వారిని అడగండి. పిల్లలు చెప్పే పోలిక మనకు వింతగా ఉన్నా తప్పని దిద్దకండి. అందులో వారు చూసిన లోకం ఉంటుంది, దాన్ని వారి దగ్గర మనమే నేర్చుకోవాలి.

రాయగలిగినవారు మన ఊరి చెరుకు తోటలు, కాలువ గట్లు, వరికోతలు పెట్టి పిల్లల కోసం కథలు రాయండి. మన సంచికలో పింఛను లెక్కల పక్కన ఒక పేజీ వాటికి ఇస్తే బాగుంటుందని కార్యదర్శి గారికి విన్నవించుకుంటున్నాను.