పాత వాహినీ చిత్రాలు మళ్లీ ఇంటికి వచ్చేనా?
(పాఠశాల ప్లాటినం ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది అయిదేళ్ల పాఠశాల ఉత్సవంలో సినిమాల ప్రసక్తి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఈ గడ్డ మీద తెలుగు భాష బ్రతికి ఉన్న తీరును గమనించినవారికి మాత్రం అది వింతగా తోచదు. ఇంట తెలుగు, కచేరీలో కన్నడం, బెంగుళూరులో ఉద్యోగానికి ఇంగ్లీషు: బాగేపల్లి, చింతామణి ప్రాంతాల జీవితం తరతరాలుగా ఇదే. కైవారం తాతయ్య ఒక నోట తెలుగులోనూ, మరొక నోట కన్నడంలోనూ తత్త్వాలు పాడిన సీమ ఇది. ఇక్కడి పిల్లవానికి చక్కని తెలుగు చెవిన పడే తావులు మూడే ఉండేవి. ఒకటి ఇటువంటి బడి. రెండవది హరికథ, భజన, వీధినాటకం. మూడవది టెంటు సినిమా. హరికథలు అరుదైపోయినవి. టెంట్లు ఎత్తివేసి చాలా కాలమైనది. బడి ఒక్కటే మిగిలినది. ఆ మూడవ తావును తిరిగి నిలుపుకొనే ఉపాయం ఉన్నదా అన్నదే ఈ ప్రసంగ విషయం.

తెలుగు చలనచిత్రాల స్వర్ణయుగమనగానే అందరి మనస్సూ మదరాసు మీదకు పోతుంది. స్టూడియోలు అక్కడ వెలసిన మాట నిజమే. కాని ఆ స్టూడియోలను నిలబెట్టిన మనుషులు ఎక్కడివారు? వాహినీ సంస్థకు ప్రాణం పోసిన బి.ఎన్.రెడ్డి కడప జిల్లా పులివెందుల తాలూకా వాడు. ధనమిచ్చి, ధైర్యమిచ్చి వెనుక నిలిచిన మూలా నారాయణస్వామి తాడిపత్రి వర్తకుడు. సంస్థకు గొప్ప పేరు తెచ్చిన దర్శకుడు కె.వి.రెడ్డిదీ తాడిపత్రే. బి.ఎన్. సోదరుడు నాగిరెడ్డి తరువాత చక్రపాణితో కలిసి విజయా సంస్థను స్థాపించి, వాహినీ స్టూడియోను కూడా చేతిలోకి తీసుకొన్నాడు. వీరందరూ ఈ ఊరికి పొరుగు జిల్లాలవారే. అయితే వారి చిత్రాలలో సీమ పలుకుబడి వినిపించడం బహు అరుదు. అప్పటి తెర భాష కృష్ణా తీరపు భాష. ఆ లోటు ఒప్పుకొనవలసిందే.

వాహినీ తొలి చిత్రం 'వందేమాతరం' 1939లో వచ్చింది. తరువాత 1940లో 'సుమంగళి', 1941లో 'దేవత', 1943లో 'భక్త పోతన', 1945లో 'స్వర్గసీమ', 1947లో 'యోగి వేమన', 1949లో 'గుణసుందరి కథ', 1951లో 'మల్లీశ్వరి' వచ్చినవి. ఈ వరుసలో ఈ ప్రాంతానికి అన్నిటికంటే దగ్గరిది 'యోగి వేమన'. వేమన సమాధి ఉన్నదని చెప్పుకొనే కటారుపల్లె కదిరి సీమలోనిది. సరిహద్దుకు ఎంతో దూరం కాదు. కర్ణాటక ప్రభుత్వం సైతం ఏటేటా జనవరి 19న వేమన జయంతి జరుపుతున్నది. చిత్తూరు నాగయ్య ఆ పాత్రలో నటించలేదు, కరిగిపోయినాడని పాతతరం ప్రేక్షకులు చెప్పుకొనేవారు. నాయికలలో ఒకరైన ఎం.వి.రాజమ్మ కన్నడ నటి. ఛాయాగ్రహణం మార్కస్ బార్‌ట్లేది. వేమన పద్యాలను కంఠస్థం చేయని విద్యార్థి ఈ బడిలో ఉండడు. ఆ చిత్రాన్ని మచ్చలేని ప్రతిలో, చెవికింపైన ధ్వనితో చూచిన విద్యార్థి మాత్రం కానరాడు.

వీడియో వచ్చినప్పుడు ఈ లోటు తీరుతుందని అందరూ ఆశపడినారు. జాతరకో, పెండ్లికో టీవీని, డెక్కును అద్దెకు తెచ్చి, రాత్రంతా మూడు సినిమాలు వేసుకొన్న రోజులు ఈ సభలోని నడివయస్సు వారికి గుర్తుండే ఉంటవి. తరువాత వీసీడీలు, డీవీడీలు వచ్చినవి. పట్టణాల బస్టాండ్ల దగ్గర ఒక్క డిస్కులో మూడు పాత సినిమాలు చవకగా దొరికినవి. 2007 ప్రాంతంలో మోసర్ బేర్ సంస్థ ధరలను మరింత దించివేసింది. 'మాయాబజార్', 'మిస్సమ్మ' ఇంటింటికీ చేరినవి. అది మేలే. కాని పేరు మోసిన పది పదిహేను చిత్రాలు పదేపదే వచ్చినవే తప్ప, వాటి వెనుక నిలిచిన చిత్రాలకు ఆ భాగ్యం దక్కలేదు. వచ్చిన వాటి స్థితి కూడా చెప్పుకొనదగినట్లు లేదు.

ఆ స్థితి ఏమిటో కొంచెం వివరించవలసి ఉన్నది. సినిమా తెర మీద క్షణానికి 24 చట్రాలు కదులుతవి. రెండున్నర గంటల చిత్రానికి సుమారు 13,500 అడుగుల ఫిల్ము, అందులో 2,16,000 చట్రాలు ఉంటవి. ఈ దేశపు పాల్ పద్ధతి వీడియో క్షణానికి 25 చట్రాలది. అందుచేత చిత్రాన్ని వీడియోకు ఎక్కించేటప్పుడు సాధారణంగా వేగం నూటికి నాలుగు పాళ్లు పెంచుతారు. రెండున్నర గంటల చిత్రం రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలలో ముగుస్తుంది. ధ్వనిని సరిచేయకపోతే శ్రుతి కూడా పైకి పోతుంది. భానుమతి గొంతు భానుమతి గొంతులా ఉండదు. సంగీతం తెలిసినవారికి ఇది ఎంత బాధ! ఇది చాలదన్నట్లు, దాదాపు చతురస్రంగా తీసిన ఆనాటి బొమ్మను నేటి వెడల్పు టీవీకి నిండించాలని తలలూ పాదాలూ కోసివేయడం, పాటలను కత్తిరించడం, మూల మీద అమ్మకందారు ముద్ర అతికించడం. వీసీడీలో ఒక చట్రానికి 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు మాత్రమే. బార్‌ట్లే వెలుగునీడలు అందులో ఏమి మిగులుతవి?

కాబట్టి కొత్త డిస్కు కావాలంటే పాత డిస్కు నుండి తీయడం కాదు, మూల నెగటివు నుండి తీయాలి. ఇక్కడే అసలు కష్టం. 1950 ప్రాంతం వరకు వాడిన నైట్రేట్ ఫిల్ము అతి సులభంగా మండుతుంది. ఒకసారి అంటుకొంటే నీరు పోసినా ఆరదు. 2003 జనవరిలో పుణెలో నైట్రేట్ రీళ్లు నిల్వచేసిన చోట అగ్నిప్రమాదం జరిగి ఎన్నో బూడిదైనవి. తరువాత వచ్చిన ఎసిటేట్ ఫిల్ము మండదు గాని, వేడికి, తేమకు పులిసి, వెనిగర్ వాసన వేస్తూ ముడుచుకొనిపోతుంది. మదరాసు వాతావరణంలో దానికి ఆయువెంత? నలుపు తెలుపు ఫిల్ములో వెండి ఉంటుంది గనుక, ఆ వెండి కోసం పాత రీళ్లను తూకానికి అమ్మినవారూ ఈ దేశంలో ఉన్నారు. నిర్మాత బాకీ తీర్చలేక లాబొరేటరీలో వదలిన నెగటివులకు దిక్కు లేదు. తెలుగువారి తొలి టాకీ, 1932 నాటి 'భక్త ప్రహ్లాద', ఒక్క రీలు కూడా మిగలలేదు. సురభి నాటకం నుండి తెరకు వచ్చిన ఆ మాట ఎట్లుండెనో ఇక ఎవరూ వినలేరు.

చట్టం అడ్డు వస్తున్నదని కొందరంటారు. పూర్తిగా నిజం కాదు. భారత కాపీరైటు చట్టం ప్రకారం సినిమాకు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు రక్షణ. ఆ లెక్కన 'మల్లీశ్వరి' హక్కు 2011 ముగియగానే తీరినది. 'మాయాబజార్' హక్కు 2017తో తీరినది. 1964 వరకు విడుదలైన చిత్రాలన్నిటి గడువూ దాటిపోయినది. పాటల సాహిత్యం లెక్క వేరు. రచయిత గతించిన తరువాత 60 ఏళ్ల వరకు దానికి రక్షణ ఉంటుంది. ఇక విచిత్రమేమిటంటే, హక్కు అందరిదీ అయినా నెగటివు ఒక్కరి బీరువాలోనే ఉంటుంది. బావి ఊరందరిదే, చేద మాత్రం ఒకరి ఇంట్లో ఉన్నట్లు. చట్టం చిత్రాన్ని విడుదల చేయనిస్తుంది. బీరువా తాళం తీయమని ఎవరినీ నిర్బంధించదు. పాత సరకు అమ్మి లాభపడలేమని వ్యాపారి వెనుకాడడంలోనూ అన్యాయం లేదు. చట్రం చట్రం కడిగి, శుభ్రపరచి, కంప్యూటరు మీద గీతలు తుడిచే పని ఖర్చుతో కూడినది.

అయినా చేసినవారు చేస్తున్నారు. మదరాసు జెమినీ స్టూడియోలో చిత్రించిన ఉదయశంకర్ 'కల్పన' (1948) పునరుద్ధరణ పొంది 2012లో కాన్ ఉత్సవంలో ప్రదర్శితమైనది. లండనులో 1993లో అగ్నికి గురైన సత్యజిత్ రాయ్ అపూ చిత్రత్రయం నెగటివులను ఇటలీ నిపుణులు ఓపికతో సాగదీసి అతికించగా, 2015లో ఆ చిత్రాలు తిరిగి వెలుగు చూచినవి. గిరీశ్ కాసరవళ్లి 'ఘటశ్రాద్ధ' 2024లో వెనీసుకు వెళ్లినది. కేంద్ర ప్రభుత్వం 2022లో 2,200 చిత్రాల పునరుద్ధరణకు 363 కోట్ల రూపాయలు ప్రకటించింది. తెలుగులో 'మాయాబజార్'కు 2010లో రంగులద్దినారు. జనం ఆనందంగా చూచినారు. అది తప్పనడం లేదు. కాని రంగు పూయడం వేరు, ఉన్న నలుపు తెలుపులను నిలపడం వేరు. అక్కినేని శతజయంతి సందర్భంగా 2024లో ఆయన పాత చిత్రాలు కొన్ని మెరుగుపడి దేశంలోని థియేటర్లకు వచ్చినవి. నటుని పేరు మీద పని జరిగినప్పుడు సంస్థ పేరు మీద, దర్శకుని పేరు మీద ఎందుకు జరుగరాదు?

ఈ సరిహద్దు ప్రాంతం కోరదగిన చిత్రాలు మరికొన్ని ఉన్నవి. వాహినీ వారిదే 'బంగారు పాప', 1955 నాటిది. జార్జ్ ఇలియట్ 'సైలాస్ మార్నర్' నవలను పాలగుమ్మి పద్మరాజు తెలుగు పల్లెకు తెచ్చి సంభాషణలు వ్రాసినాడు. కఠిన హృదయుడైన కోటయ్యగా ఎస్.వి.రంగారావు ఒక పసిపాప వల్ల కరిగిపోయే తీరు చూడవలసినది. 'మల్లీశ్వరి' శ్రీకృష్ణదేవరాయల నాటి కథ. 1953లో చైనా ఉపశీర్షికలతో చైనాలో ప్రదర్శితమైన కీర్తి దానిది. గుమ్మనాయకనపాళ్యం కోట రాళ్ల మీద ఆడుకొన్న పిల్లలకు రాయల రాజ్యం కల్ల కాదని తెలుసు. ఆ కథ ఇక్కడ మరొక రుచి ఇస్తుంది. 1954 నాటి 'కాళహస్తి మాహాత్మ్యం' రాజకుమార్ నటించిన ఏకైక తెలుగు చిత్రం. కన్నడ 'బేడర కణ్ణప్ప' పక్కన దానిని నిలిపి ఒకే డిస్కులో, ఇరు భాషల ఉపశీర్షికలతో ఇస్తే, చింతామణి సంతలో దానికి కొనుగోలుదారులు లేకపోరు. ఒకే కథ, ఒకే కథానాయకుడు, రెండు భాషలు: ఈ ప్రాంతపు బ్రతుకే కదా!

బడి సభలో మరొక పేరు విడువరానిది. అది బి.ఆర్.పంతులు పేరు. సినిమాలకు పోకముందు బడిపంతులు. ఆయన 1958లో తీసి, తానే ముఖ్యపాత్ర ధరించిన కన్నడ చిత్రం 'స్కూల్ మాస్టర్'. భార్య పాత్రలో ఆ ఎం.వి.రాజమ్మే. ఆ కథ 1972లో ఎన్.టి.రామారావుతో 'బడి పంతులు'గా తెలుగులో మళ్లీ వచ్చినది. ఈ వేదిక మీద కూర్చున్న విశ్రాంత ఉపాధ్యాయులలో ఎవరైనా ఆ చిత్రం చూచి కన్నీరు పెట్టకుండా ఇంటికి పోయినారంటే నమ్మడం కష్టం.

ఈ రోజుల్లో డిస్కులెవరు కొంటారని యువకులు అడుగుతారు. అరచేతి ఫోనులోనే అన్నీ వస్తున్నవి కదా అని వారి వాదం. వచ్చినది రేపు ఉంటుందన్న హామీ లేదు. ఎక్కించినవాడు తీసివేస్తే పోయినట్లే. ఫోనులో కనిపించే 'యోగి వేమన' కూడా పాత వీడియో ప్రతి నీడే గాని మూల నెగటివు బిడ్డ కాదు. గ్రంథాలయపు అలమారలో ఉన్న డిస్కును ఏ ఉపాధ్యాయుడైనా ఏ శనివారం మధ్యాహ్నమైనా తీసి తెర మీద వేయవచ్చు. పుస్తకానికి ఉన్న స్థిరత్వం దానికి కొంతైనా ఉన్నది. మోసర్ బేర్ వంటి సంస్థే మూతపడిన తరువాత ఈ పని పెద్ద వ్యాపారం చేయునన్న ఆశ లేదు. పుణెలోని జాతీయ చలనచిత్ర భాండాగారం, అందులో భద్రపరచిన ప్రతులు, విశ్వవిద్యాలయాలు, పూర్వ విద్యార్థి సంఘాలు కలిసి, ముందుగా చందాలు పోగుచేసి, వేయి ప్రతులైనా తీయించే పద్ధతి ఒకటి సాధ్యమే. పాత కావ్యాలను చందాదారుల సహాయంతో అచ్చువేసిన సంప్రదాయం తెలుగువారికి కొత్త కాదు.

అందులో ఈ పాఠశాల చేయగల పని చిన్నదేమీ కాదు. సినిమా హాళ్లలో ఆనాడు అణాకు, బేడకు అమ్మిన పాటల పుస్తకాలు ఈ చుట్టుపక్కల పెట్టెలలో ఇంకా ఉండి ఉంటవి. వాటిలో కథాసంగ్రహం, పాటల వరుస, నటీనటుల పేర్లు ఉంటవి. రీలు తెగి పాట పోయిన చిత్రంలో, ఆ పాట ఎక్కడ ఉండెనో చెప్పేది ఆ పుస్తకమే. కరపత్రాలు, గోడ ప్రకటనలు, గ్రామఫోను రికార్డులు కూడా అంతే. ధ్వని చెడిన చోట రికార్డులోని పాట అక్కరకు వస్తుంది. ఎనభై దాటిన వృద్ధులు ఏ టెంటులో ఏ చిత్రం చూచినారో, ఏ ఘట్టం గుర్తున్నదో తొమ్మిదవ తరగతి పిల్లలు వ్రాసుకొని రావచ్చు. ఈ సేకరణకు గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయిస్తే చాలును. తాళంచెవి తెలుగు పండితుల వద్ద ఉంచి, పాటల పుస్తకాలు ఉన్నవారు ఉత్సవాలు ముగిసేలోపల వారికి అందజేయవచ్చు.