ఇంటిలో కూర్చుకొన్న గ్రంథపేటిక

తాటియాకు గ్రంథమును పురుగు తొలుచుచున్నప్పుడు మన పెద్దలు మరియొక ప్రతి వ్రాయించెడివారు. నేను మా యింటి తాళపత్రములకు నిమ్మగడ్డి నూనె పూయించి, ఆకాకునకును ఛాయాచిత్రములు తీయించితిని. వానిని దాచుటకై హార్డు డిస్కులు రెండును, అవి యిముడు పెట్టె యొకటియు కొని, యింటనే కూర్చితిని. మరలు బిగించుట తప్ప వేరు శ్రమ లేదు.

మూడున్నర అంగుళముల డిస్కునకు 12 వోల్టులు కావలయును. యూఎస్‌బీ తీగ సాధారణముగా 5 వోల్టులే యిచ్చును. కావున పెట్టెతో వచ్చిన ఎడాప్టరునే తగిలింపవలెను. లోని పలకలు నిమిషమునకు 5400 మారులో 7200 మారులో తిరుగుచుండును. అప్పుడు పెట్టెను కదల్పరాదు. 4 టెరాబైట్లని కొన్నదానిని విండోసు కంప్యూటరు 3.6 అని చూపును. అంగడివాడు తూకమున మోసగింపలేదు. అతడు వేయింటి లెక్కను చెప్పెను, యంత్రము 1024 లెక్కను చెప్పును.

ఖాళీ డిస్కులు రెంటిని 'మిర్రరు' పద్ధతిని అమర్చితిని. ఒకదానిపై వ్రాసినది రెండవదానిపైనను పడును. ఒకటి చెడినను చిత్రములు నిలుచును. అయినను దీనినే నమ్మి కూర్చుండరాదు. ఇంటిలోని పిల్లవాడెవడైన నొక గ్రంథమును చెరిపినచో రెంటను చెరుగును. పిడుగుపాటున రెండును పోవచ్చును. అందుచేత మూడవ ప్రతిని వేరొక యూర, మా కుమార్తె యింట నుంచితిని. ఆరు మాసముల కొకమారు దానిని తెప్పించి, కొన్ని చిత్రములు తెరచి, అక్షరములు చదువవచ్చునో లేదో చూచుచుందును.