క్రిస్మస్ పాట ఎవరి గొంతులో పాడాలి?

(యువజన క్రిస్మస్ కూడికలో చేసిన ప్రసంగం)



ప్రతి డిసెంబరులో మా దగ్గరికి ఒక పంచాయితీ వస్తుంది. మీరు కీబోర్డు, డ్రమ్స్ పెట్టుకొని ఊపుగా ఒక క్రిస్మస్ పాట పాడతారు. మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలు మమ్మల్ని పక్కకు పిలిచి, "అయ్యగారూ, ఇది దేవుని మందిరమా, రికార్డింగ్ డాన్సా?" అని అడుగుతారు. ఈసారి తీర్పు చెప్పడానికి ముందు, 1957లో అమెరికాలో జరిగిన ఇలాంటి పంచాయితీ ఒకటి మీ ముందు పెడతాం.

ఎల్విస్ ప్రెస్లీ పేరు మీరు వినే ఉంటారు. అప్పటికి ఆయన వయసు 22. మిసిసిపీ రాష్ట్రంలో రెండు గదుల ఇంట్లో పుట్టిన పేద తెల్ల కుర్రవాడు. పాడుతూ నడుము ఊపుతాడని తల్లిదండ్రులు, పాస్టర్లు మండిపడేవారు. ఆ ఏడాది జనవరిలో ఎడ్ సలివన్ టీవీ కార్యక్రమంలో కెమెరాను ఆయన నడుము కిందికి దిగనివ్వలేదు. అదే రోజు ఆయన పాడినవాటిలో ఒక భక్తిగీతం కూడా ఉంది, "పీస్ ఇన్ ద వ్యాలీ". అక్టోబరులో "ఎల్విస్ క్రిస్మస్ ఆల్బమ్" వచ్చింది. ఒక వైపు ఆరు సరదా క్రిస్మస్ పాటలు, రెండో వైపు ఆరు భక్తిగీతాలు. నాటి నుండి నేటి వరకు కోటికి పైగా ప్రతులు అమ్ముడయ్యాయి.

గొడవ "వైట్ క్రిస్మస్" పాట దగ్గర మొదలైంది. దాన్ని రాసిన అర్వింగ్ బెర్లిన్ రష్యా నుండి వలస వచ్చిన యూదుడు. 1942లో బింగ్ క్రాస్బీ నిదానంగా, మెత్తగా పాడి దాన్ని ఇంటింటి పాట చేశాడు. ఎల్విస్ పాడింది విని బెర్లిన్‌కు కోపమొచ్చింది. దాన్ని వెయ్యొద్దని తన మనుషులచేత రేడియో స్టేషన్లకు ఫోన్లు చేయించాడు. పోర్ట్‌లాండ్‌లో ఆ పాట వేసిన అనౌన్సర్ ఉద్యోగం పోయిందన్న వార్త పత్రికలకెక్కింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. ఆ పాడే తీరు ఎల్విస్ సొంతం కాదు. 1954లో డ్రిఫ్టర్స్ అనే నల్లజాతి గాయకుల బృందం ఆ పాటను అలాగే పాడింది. "హోమ్ అలోన్" సినిమా చూసినవారు ఆ గొంతులు విన్నారు. అప్పుడు ఇంత రభస జరగలేదు. నల్లవారి పాట నల్లవారి రేడియోలో ఉన్నంతకాలం ఎవరికీ ఇబ్బంది లేదు. అదే పాట ఒక తెల్ల కుర్రవాడి నోట తెల్లవారి నట్టింట్లోకి వచ్చేసరికి పవిత్రత గుర్తొచ్చింది. ఇది మా అభిప్రాయం, మీరు కాదనవచ్చు.

ఆల్బమ్ రెండో వైపు మాకు ఇంకా ముఖ్యం. అందులో రెండు పాటలు థామస్ డోర్సీ అనే నల్లజాతి క్రైస్తవుడు రాసినవి. ఆయన ఒకప్పుడు బ్లూస్ పియానో వాయించేవాడు. ఆ బాణీలతో దేవుని పాటలు కడితే నల్లవారి సంఘాలే మొదట్లో తలుపులు మూశాయి. 1932లో ఆయన ఊరు కాని ఊరిలో కూటాల్లో ఉండగా ప్రసవంలో భార్య చనిపోయిందని తంతి వచ్చింది. బిడ్డ కూడా దక్కలేదు. ఆ దుఃఖంలో, ప్రభువా నా చెయ్యి పట్టుకో అని వేడుకుంటూ కట్టిన పాట "ప్రెషస్ లార్డ్". పాతికేళ్ల తరువాత అది ఎల్విస్ బొమ్మ ఉన్న అట్టలో లక్షల ఇళ్లకు చేరింది. విన్నవారిలో డోర్సీ పేరు ఎందరికి తెలుసు?

ఆ పాట కథ అక్కడితో అయిపోలేదు. 1968 ఫిబ్రవరిలో, ఎల్విస్ నివసించిన మెంఫిస్ నగరంలోనే, చెత్త లారీ యంత్రంలో నలిగి ఇద్దరు నల్లజాతి పారిశుద్ధ్య కార్మికులు చనిపోయారు. దాదాపు 1300 మంది సమ్మె చేశారు. "నేను మనిషిని" అన్న అట్టలు పట్టుకొని వీధుల్లో నడిచారు. వారికి అండగా మార్టిన్ లూథర్ కింగ్ వచ్చాడు. ఏప్రిల్ 4 సాయంత్రం హోటల్ బాల్కనీలో నిలబడి, ఆ రాత్రి సభలో "ప్రెషస్ లార్డ్" బాగా వాయించమని ఒక సంగీతకారుణ్ణి అడిగాడు. మరి కొన్ని క్షణాల్లో తుపాకీ పేలింది. ఆయన అంత్యక్రియల్లో మహలియా జాక్సన్ ఆ పాట పాడింది.

బెంగళూరు, చెన్నై, ఒడిశా పట్టణాలు, ముంబై... తెల్లవారకముందే చీపురు పట్టే మన తెలుగువాళ్లు ఈ ఊళ్లన్నిటిలో ఉన్నారు. వారిలో చాలామంది మన సంఘస్థులే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటపైన రాగం, తాళం పేర్లుంటాయి. రాగాన్ని మనవాళ్లు సంతోషంగా లోపలికి తెచ్చుకున్నారు. మరి డప్పు? మేము లోగడ సేవచేసిన ఒక సంఘంలో క్రిస్మస్ ఊరేగింపుకు డప్పు కావాలి, గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోవాలి. అది చావు వాయిద్యమని చెప్పేవారు. మేమూ రెండేళ్లు నోరు మూసుకొని ఊరుకున్నాం. ఆ సంగతి ఒప్పుకోకుండా పెద్దలను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. మీరూ ఒకటి ఆలోచించండి. మీ బ్యాండులో గిటారుకు చోటుంది, డ్రమ్స్‌కు చోటుంది. డప్పు వాయించే తాతగారిని మీలో ఎవరైనా పిలిచారా?

ఈ రాత్రి ఆయన వచ్చారు. వెనక బెంచీలో కూర్చున్నారు. రేపు నాలుగు గంటలకే డ్యూటీకి వెళ్లాలి కాబట్టి మొదటి పాట ఆయనతోనే. బాబూ, ఆ మైకు కాస్త కిందికి దించండి, డప్పుకు అందేలా.